ఎనిమిదో అంతస్తు, ఎడమ వైపు

ఎగ్మూరు స్టేషన్ ఎదురు సందులో
లిఫ్టు పనిచెయ్యని మూడో అంతస్తులో
ఓడ పటం బల్ల మీద పరిచాడు ఇళమారన్.
గదులన్నీ అగ్గిపెట్టెల్లా వరసగా,
రంగుని బట్టి ధర.

లోపలి గది బూడిద రంగు.
కిటికీ లేదు. చవక.
"నిద్రపోడానికేగా" అన్నారు మా ఆయన,
"కళ్ళు మూసుకుంటే ఏ గదైనా ఒకటే."
దైవాధీనం గారి మాటంటే మా ఇంట్లో
కింద రెండు గీతలు గీసిన జవాబు.
నేను సంచిలోంచి పెన్సిలు తీశాను.

బాల్కనీ గదికి అదనం లక్షా ఎనిమిది వేలు.
పద్దెనిమిది రోజులు.
రోజుకి పన్నెండు గంటల వెలుతురు.
గంటకి ఐదు వందలు.

సరిగ్గా ఐదు వందలే తీసుకునేదాన్ని,
ఒక పిల్లకి ఒక నెల త్రికోణమితికి.
శెంబగం వాళ్ళమ్మ అదీ రెండు విడతల్లో ఇచ్చేది.

పెరంబూరులో మా ఫ్లాటుకీ బాల్కనీ ఉండేది,
తొమ్మిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు.
రైలు పెట్టెల నెత్తులు కనబడేవి,
ఎదురు మేడ మీద ఎవరిదో ఎర్రమేక.
కొన్న రెండో ఏడే అల్యూమినియం చట్రం బిగించి
అద్దాలకి అడ్డంగా నల్లబల్ల వేలాడదీశారాయన.
గది కలిసొచ్చిందన్నారు. నిజమే, కలిసొచ్చింది.
ఇరవై రెండేళ్ళు ఆ బాల్కనీలోనే ఉన్నాను,
బయటికి వీపు పెట్టి.
వాన మొదలైతే
పిల్లల కళ్ళు నా భుజం దాటి పోయేవి.
అలా తెలిసేది.

"ఇది మధ్యరకం మేడమ్" అన్నాడు ఇళమారన్,
"బాల్కనీ ఉంటుంది, ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతుంది.
సముద్రం కొంచెం పక్కనించి కనబడుతుంది."
మా ఆయన మొహం వికసించింది.
"ప్రాణం కాపాడే పడవ, కళ్ళెదుటే ఉంటే మంచిదేగా!"
"ఒక నల్లబల్ల చూశాను, చాలు" అన్నాను.
పైన పంకా తిరుగుతున్న చప్పుడు
కాసేపు ముగ్గురం విన్నాం.

తర్వాత ఆయన గొంతు సవరించుకుని
అడగాల్సిందే అడిగారు: "తూర్పు ముఖమేనా?"
కుర్రాడు నవ్వలేదు, మంచివాడు.
"ఓడ తిరుగుతుంది కదా సార్."

తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో వేలితో గీశాను.
చెన్నై నుంచి కిందికి, లంకని చుట్టి,
మాలె తాకి, కొచ్చి మీదుగా పైకి ముంబై దాకా.
దిగేటప్పుడు ఎడమ చెయ్యి తూర్పు.
ఎక్కేటప్పుడు అదే ఎడమ చెయ్యి పడమర.
నేల ఎప్పుడూ కుడి పక్కనే.
పుట్టి అరవై మూడేళ్ళు ఈ ఊళ్ళోనే.
సముద్రంలోంచి సూర్యుడు రావడం ఎన్నిసార్లు చూశానో.
మా సముద్రంలోకి అతనెప్పుడూ దిగడు,
మౌంట్ రోడ్డు వెనక ఏ మేడల మధ్యో
పనైపోయిన గుమాస్తాలా జారుకుంటాడు.
నీళ్ళలో మునగడం ఒక్కసారి చూడాలి.

ఎడమ వైపు. ఎనిమిదో అంతస్తు.
ఈత కొలను కింద వద్దు,
తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారట.
వంటింటి మీదా వద్దు.
నడుమ భాగంలో అయితే ఊపు తక్కువ.
ఇలా ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే
ఒక్క గడి మిగిలింది.
దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను.

చెక్కు మీద ఆయనే సంతకం పెట్టారు.
క్యాపు బిగించకుండా పెన్ను పట్టుకుని
అరవంలో అడిగారు కుర్రాణ్ణి,
ఆ బాల్కనీ తలుపు రాత్రంతా తెరిచి ఉంచొచ్చా అని.

"ఉంచొచ్చు సార్. కానీ తలుపు తెరిస్తే
గదిలో ఏసీ దానంతటదే ఆగిపోతుంది."

మే నెల వస్తే మూడు తలుపులూ బిగించి
తలుపు సందుల్లో తువ్వాళ్ళు దోపే మనిషి
పటం మీది ఆ సున్నా కేసి చూశారు.
నా కేసి కాదు.

"ఆగనీ" అన్నారు.